హరిత ఇల్లు: రేటింగ్ కావాలంటే పునాదికి ముందే మేలుకోవాలి

ప్రశ్న: 200 గజాల్లో జీ ప్లస్ వన్ కడుతున్నాం. వచ్చే నెలలో పునాది. ఇల్లు పూర్తయ్యాక గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్‌కి ఎవరికి దరఖాస్తు పెట్టాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పూర్తయ్యాక అంటే ఆలస్యమైపోతుందండీ, ఈ నెలలోనే కదలండి. పాయింట్లు పడేది మీరు చూపించే ఆధారాలకే. పునాది తవ్వేటప్పుడు పైమట్టిని విడిగా పోగుపెట్టి మళ్లీ మొక్కలకు వాడినట్టు ఫొటో లేకపోతే, ప్లాస్టరింగ్ అయ్యాక దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? ఇటుకల కంపెనీ నుంచి ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) శాతం తెలిపే లెటరైనా, పెయింటు డేటా షీటైనా, బిల్లులైనా సరుకు దిగిన రోజే ఫైల్లో పడాలి.

సొంతింటికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) వారి గ్రీన్ హోమ్స్ రేటింగ్. విడి ఇంటికి మొత్తం 75 పాయింట్లు. (ఐజీబీసీ ఆఫీసు హైదరాబాద్‌లోనే, కొండాపూర్ దగ్గర ఉంది.) రెండోది ‘గృహ’ (GRIHA) సంస్థ వారి స్వగృహ (SVAGRIHA) రేటింగ్. 2,500 చదరపు మీటర్ల లోపు కట్టడాలకు 14 అంశాలు, 50 పాయింట్లు, ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు.

ఐజీబీసీలో ముందు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, ఫీజు. తరవాత ప్లాన్లు, లెక్కలు, ఫొటోలు, బిల్లులతో తొలి సబ్మిషన్. సమీక్షకులు ప్రశ్నలు పంపుతారు, వాటికి జవాబులతో ఫైనల్ సబ్మిషన్, ఆపైన రేటింగ్. వాననీటి సేకరణ, గాలి వచ్చే ఏర్పాటు, చెత్త వేరుచేయడం లాంటి తప్పనిసరి అంశాల్లో ఒక్కటి తప్పినా మిగతా పాయింట్లు ఎన్నున్నా రేటింగ్ రాదు.

కాగితం మీది లెక్కకూ వాస్తవానికీ తేడా ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల. ఒకటి ఇంకుడు గుంత. 100 చదరపు మీటర్ల డాబా మీద 25 మి.మీ. వాన పడితే 2,500 లీటర్లు. ఆవిరి, చిందడం పోను 2,000 అనుకోండి. మేస్త్రీ తవ్వే ఒకటిన్నర మీటర్ల చదరం, రెండు మీటర్ల లోతు గుంతలో 4,500 లీటర్లు పడతాయని మీరు లెక్క వేసుకుంటారు. రాళ్లు, కంకర నింపాక మిగిలే ఖాళీ నూటికి 40 వంతులు, అంటే 1,800 లీటర్లే. నేల నెమ్మదిగా పీల్చేదైతే ఇంకా పెద్దది కావాలి. తొలివాన మురికిని బయటికి వదిలే వాల్వు లేకపోతే పైనున్న ఇసుక పొర రెండేళ్లలో బురద పట్టి బిగుసుకుపోతుంది.

రెండోది కుళాయిలు. ఐజీబీసీ పోల్చుకునే ప్రమాణం నిమిషానికి 6 లీటర్లు, అదీ 3 బార్ ఒత్తిడి దగ్గర. మీ డాబా మీది ట్యాంకు పైఅంతస్తు కుళాయికి మూడు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బారే. 3 బార్‌కి తగ్గట్టు చేసిన ఏరేటర్ (కుళాయి మూతికి బిగించే జల్లెడ) పెడితే నీళ్లు సన్నగా కారతాయి, వారం తిరక్కుండా ఇంట్లోవాళ్లు దాన్ని పీకి పారేస్తారు. పైఅంతస్తుకు తక్కువ ఒత్తిడి రకం అడిగి కొనండి.

అమ్మే, అద్దెకిచ్చే ఉద్దేశం లేకపోతే సర్టిఫికెట్ ఖర్చు మీ స్థాయి ఇంటికి గిట్టుబాటు కాకపోవచ్చు. గృహరుణంలో రాయితీ ఉందేమో మీ బ్యాంకులో ముందే అడిగి తేల్చుకోండి. పాయింట్ల పట్టికను మాత్రం మీ ఇంజినీరు చేత కచ్చితంగా పాటింపజేయండి, దానికి ఫీజు లేదు.

ప్రశ్న: ఫ్లాట్ చూస్తున్నాం. బ్రోచర్లో ‘ఐజీబీసీ ప్రీసర్టిఫైడ్ గోల్డ్’ అని ఉంది. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అబద్ధమేమీ కాకపోవచ్చు. కానీ ప్రీసర్టిఫికేషన్ డ్రాయింగులనూ బిల్డర్ ఇచ్చిన హామీలనూ చూసి ఇచ్చేది. కట్టినదాన్ని చూసి ఇచ్చేది ఫైనల్ సర్టిఫికెట్. ‘రిజిస్టర్డ్’ అని మాత్రమే ఉంటే ఫీజు కట్టారని అర్థం, అంతే. అపార్ట్‌మెంట్లకు 100 పాయింట్లలో 50కి సర్టిఫైడ్, 60కి సిల్వర్, 70కి గోల్డ్, 80కి ప్లాటినం. ఏ అంశానికి ఎన్ని పాయింట్లు అనుకున్నారో ఆ షీటు అడగండి. ఫైనల్ రేటింగ్ తెచ్చే బాధ్యత అగ్రిమెంట్లో రాయించుకోండి.

కిటికీలు మీరే కొలవొచ్చు. ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో కరెంటు పొదుపు కోసం కేంద్రం తెచ్చిన నియమావళి) ప్రకారం హైదరాబాద్ లాంటి కాంపోజిట్ (కాలాన్ని బట్టి వేడి, తేమ, చలి మారే) వాతావరణంలో తెరుచుకునే కిటికీల వైశాల్యం కార్పెట్ ఏరియాలో 12.5 శాతం ఉండాలి. 1,000 చదరపు అడుగులకు 125. బాల్కనీ తలుపు లెక్కలోకి వస్తుంది. రెండు ట్రాకుల స్లైడింగ్ కిటికీ మాత్రం సగమే తెరుచుకుంటుంది కాబట్టి సగమే లెక్క. బ్రోచర్లు ఓడిపోయేది ఇక్కడే.

ప్రశ్న: ఏఏసీ బ్లాకులతో (గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు) కట్టాం. ఏడాదికే పిల్లర్ పక్కన నిలువుగా, బీము కింద అడ్డంగా సన్నటి పగుళ్లు. బ్లాకులే నాసిరకమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు చెప్పిన చోట్లను బట్టి చూస్తే బ్లాకు కంటే పనివిధానం మీదే అనుమానం. కాంక్రీటు, ఏఏసీ ఎండకు ఒకేలా సాగవు, ముడుచుకోవు. రెండూ కలిసే చోట ప్లాస్టరింగ్‌కి ముందు అటు 150, ఇటు 150 మి.మీ. వచ్చేలా ఫైబర్ మెష్ వేయాలి. బీము కింద 10–15 మి.మీ. సందు వదిలి, గోడ సర్దుకున్నాక కనీసం వారం ఆగి నింపాలి. మనవాళ్లు వరస పూర్తయిన సాయంత్రమే గట్టి సిమెంటు మాలు కొట్టి బిగించేస్తారు. మామూలు ఇటుకల్లా నానబెట్టడం ఇంకో పొరపాటు: తాగిన నీరు ఆరే కొద్దీ బ్లాకు ముడుచుకుంటుంది. పైపైన తడిపితే చాలు. జాయింట్లు 3 మి.మీ. మందాన బ్లాక్ అడ్హెసివ్‌తో కట్టాలి.

ఇప్పుడైతే పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి, రెండు నెలలు చూడండి. పెరగకపోతే ‘వి’ ఆకారంలో 5 మి.మీ. లోతు గాడి తీసి, దులిపి, అక్రిలిక్ ఫిల్లర్ నింపి, పైన మెష్ పట్టీ వేసి పుట్టీ పెట్టించండి. వట్టి పుట్టీ పూస్తే వచ్చే వేసవికి మళ్లీ తెరుచుకుంటుంది. పగులు ఏటవాలుగా బ్లాకును చీల్చుకుంటూ వెళ్తుంటే మాత్రం పుట్టీ జోలికి పోకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

ప్రశ్న: డాబా మీద తెల్ల పెయింటు వేస్తే చాలా, స్లాబు కింద వేడి తగ్గడానికి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చాలావరకు తగ్గుతుంది. డబ్బా మీద ఎస్ఆర్ఐ విలువ (ఎండను ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకె) చూడండి: నలుపుకు 0, ప్రామాణిక తెలుపుకు 100, 78కి తగ్గకుండా తీసుకోండి. పగుళ్లు ముందే మూయించి, నాచు గీకించి, ప్రైమర్ మీద రెండు కోట్లు వేయించండి. దుమ్ము పడితే ఆ విలువ పడిపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో కడిగించాలి. వట్టి సున్నమైతే చవకే గానీ ఒక వానాకాలానికే పోతుంది. పైకప్పు యూ విలువ (వేడి ఎంత లోపలికి దిగుతుందో చెప్పే అంకె) 1.2 దాటకూడదన్న ఎకో నివాస్ సంహిత నిబంధన మాత్రం రంగుతో తీరదు. దానికి స్లాబు మీద కనీసం 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురగ పలక) పరిచి పైన టైల్స్ వేయాలి, వాటర్‌ప్రూఫింగ్ షీటు కింద ముందే అయిపోవాలి.