అయస్కాంతాల చక్రం: బల్బు కలపగానే ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: నేను బాలానగర్‌లోని ఒక లేత్ వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. వీడియోలు చూసి, పాత సైకిల్ చక్రం అంచు చుట్టూ 24 నియోడైమియం అయస్కాంతాలను వాలుగా అమర్చి, ఎదురుగా స్టాండుకు మరో పెద్ద అయస్కాంతం బిగించాను. చేత్తో తిప్పి వదిలితే కొంతసేపు తిరిగి, ప్రతిసారీ దాదాపు ఒకే చోట ఆగుతోంది. పక్కన రాగి తీగ చుట్టలు పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే 40 వోల్టులు కనిపించాయి. కానీ బల్బు కలపగానే చక్రం నిలిచిపోతోంది. ఇంకా బలమైన అయస్కాంతాలు కొంటే ఇంటికి సరిపడా కరెంటు వస్తుందా? ఇదే పద్ధతిలో ఇంధనం లేకుండా నడిచే 5 కిలోవాట్ల జనరేటర్ ఇస్తామని ఒకరు రెండు లక్షల రూపాయలు అడ్వాన్సు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

జవాబు: డబ్బు విషయం ముందు చెబుతాను. అడ్వాన్సు ఇవ్వకండి. మిగిలినదంతా నిదానంగా చదువుకోవచ్చు, ఈ ఒక్క మాట మాత్రం ఈ రోజే గుర్తుంచుకోండి.

మీ పనితనంలో లోపమేమీ లేదు. బల్బు కలపగానే చక్రం ఆగిపోవడం మీరు చేసిన డైనమో సరిగ్గా పనిచేస్తోందనడానికి నిదర్శనం. అయస్కాంతం కదిలితే తీగ చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. అలా పుట్టిన విద్యుత్తు, తనను పుట్టించిన కదలికను ఎదిరించే దిశలోనే ప్రవహిస్తుందని 1834లో లెంజ్ నియమం తేల్చింది. బల్బు లేనప్పుడు చుట్ట కొసల మధ్య వోల్టేజీ ఉంటుంది గాని కరెంటు దాదాపుగా ప్రవహించదు. అందువల్ల ఎదిరింపు ఉండదు, చక్రం హాయిగా తిరుగుతుంది. బల్బు కలిపిన క్షణం నుంచి చుట్టలో కరెంటు ప్రవహిస్తుంది, ఆ చుట్టే ఒక అయస్కాంతమై చక్రాన్ని వెనక్కి లాగుతుంది. బల్బుకు వెళ్లే ప్రతి వాటునూ చక్రం తన తిరుగుడులోంచే చెల్లించాలి. దీన్ని కళ్లారా చూడాలంటే, ఏసీ బిగించేవారి దగ్గర మిగిలిన రాగి గొట్టం ముక్క ఒకటి తెచ్చుకుని, అందులో వదులుగా పట్టే చిన్న నియోడైమియం అయస్కాంతాన్ని నిలువుగా జారవిడవండి. రాగికి అయస్కాంతం అంటుకోదు, అయినా అది రాయిలా పడిపోకుండా తేలుతున్నట్టు మెల్లగా దిగుతుంది. మీ చక్రాన్ని ఆపుతున్నది కూడా అదే ఎదిరింపు.

ఇక చక్రం ఒకే చోట ఎందుకు ఆగుతోందో చూద్దాం. బంజారాహిల్స్ రోడ్ల మీద సైకిల్ తొక్కుకుంటూ ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తే, ఎన్ని పల్లాలు దిగారో అన్ని ఎత్తులూ ఎక్కే ఉంటారు. స్థిరంగా బిగించిన అయస్కాంతం చక్రానికి ఇచ్చే లాగుడూ అంతే. దగ్గరికి వచ్చేటప్పుడు ఎంత సాయం చేసిందో, దాటి వెళ్లేటప్పుడు అంతే పట్టి ఆపుతుంది. అయస్కాంతాలను ఏ కోణంలో వాల్చినా, ఎన్ని వరుసల్లో పేర్చినా ఒక పూర్తి చుట్టులో మిగిలేది సున్నా. బేరింగ్ రాపిడినీ గాలి ఎదిరింపునూ కూడా లెక్కిస్తే సున్నా కంటే తక్కువే. బలమైన అయస్కాంతాలు కొంటే పల్లమూ ఎత్తూ రెండూ కలిసి పెరుగుతాయి.

అయస్కాంతంలోనే శక్తి దాగి ఉంది కదా అని చాలామంది అంటారు. దాగి ఉన్న మాట నిజమే, కానీ ఎంత? బలమైన నియోడైమియంలో ఒక ఘన సెంటీమీటరుకు ఒక జౌలు (ఒక వాటు చొప్పున ఒక సెకనుకు ఖర్చయ్యే శక్తి) కూడా ఉండదు. మీ 24 అయస్కాంతాలు ఒక్కొక్కటి రెండు ఘన సెంటీమీటర్లు అనుకుని, వాటిలోని శక్తినంతా ఎలాగో పిండగలిగినా, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు ఐదు సెకన్లు వెలిగి ఆరిపోతుంది.

ఈ ఆశ కొత్తది కాదు. పాదరసం నింపిన ఆకులతో తనంత తాను తిరిగే చక్రాన్ని 12వ శతాబ్దంలోనే భాస్కరాచార్యుడు వర్ణించాడు. ఇలాంటి యంత్రాల ప్రతిపాదనలను ఇక పరిశీలించబోమని పారిస్ సైన్స్ అకాడమీ 1775లో ప్రకటించింది. మన పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 3(ఎ) కూడా స్థిరపడిన ప్రకృతి నియమాలకు విరుద్ధమైన వాటిని ఆవిష్కరణలుగా గుర్తించదు. అమ్మేవారు పేటెంట్ దరఖాస్తు నంబరు చూపితే, దరఖాస్తు వేరని, మంజూరు వేరని గ్రహించండి. యంత్రాన్ని ప్రదర్శిస్తామంటే, దాన్ని బల్ల మీద నుంచి తీయించి ఆరుబయట పెట్టించండి, బ్యాటరీలన్నీ విప్పించండి, గీజర్లూ హీటర్లూ కలిపి 5 కిలోవాట్ల లోడు వేసి ఒక పూర్తి రోజు నడపమనండి. మధ్యలో పెట్టిన మీటరు 120 యూనిట్లు చూపాలి. ఈ షరతుకు ఒప్పుకునే అమ్మకందారు మీకు దొరకడు.

ప్రశ్న: ఒక హార్స్‌పవర్ మోటారుతో 20 కిలోల ఫ్లైవీల్‌ను (బరువైన చక్రాన్ని) తిప్పి, దానితో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నడిపి, వచ్చిన కరెంటులో కొంత మళ్లీ మోటారుకే ఇస్తే? రాణిగంజ్‌లో సామాను చూసి వచ్చాను. (ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొనకముందే అడిగినందుకు సంతోషం. ఫ్లైవీల్ నీళ్ల ట్యాంకు లాంటిది, పోసినంతే ఇస్తుంది. అర మీటరు వ్యాసం ఉన్న 20 కిలోల ఇనుప పళ్లెం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే, అందులో సుమారు 7,700 జౌళ్లు నిల్వ ఉంటాయి. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను దానితో రెండు నిమిషాలు కూడా తిరగదు. మోటారు 80 శాతం, ఆల్టర్నేటర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, లోపలికి పంపిన 100 వాట్లలో తిరిగి వచ్చేవి 64 మాత్రమే. బెల్టు నష్టం దీనికి అదనం.

మళ్లీ బాలానగర్ మిత్రుడికి: ఆ చక్రాన్ని విప్పేయకండి. ఎదుటి అయస్కాంతం తీసేసి, అంచు మీది అయస్కాంతాలను ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా ఇనుప పళ్లెం మీద మార్చి అమర్చండి. చుట్టల తర్వాత ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్, బ్యాటరీ ఛార్జింగును అదుపులో ఉంచే తగిన ఛార్జ్ కంట్రోలర్ పెడితే మంచి పెడల్ జనరేటర్ తయారవుతుంది. మామూలు మనిషి ఆగకుండా తొక్కగలిగేది 75 నుంచి 100 వాట్లు, అంటే గంట తొక్కితే ఒక యూనిట్‌లో పదో వంతు. ఫోన్లకూ ఎల్‌ఈడీ దీపాలకూ అది చాలు. ఇంటికి చాలినంత కావాలంటే డాబా మీద సోలార్ పెట్టించండి. ఒక కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్ల వరకు వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది.

ఏ కొలతైనా లోడు కలిపాకే తీసుకోండి. లోడు లేని 40 వోల్టులు ఏమీ చెప్పవు, వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేస్తేనే వాట్లు తెలుస్తాయి. సాధారణ రకం నియోడైమియం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోతుంది, కాబట్టి దగ్గర్లో వెల్డింగ్ చేయకండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారిని దూరంగా ఉంచండి. జిగురు ఒక్కదాన్నే నమ్మి అయస్కాంతాలను వేగంగా తిప్పితే అవి ఊడి తూటాల్లా దూసుకొస్తాయి. అంచు చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ బిగించి, చక్రం ముందు రేకు కవచం పెట్టాకే పెడల్ మీద కాలు వేయండి.