పాత రాజ్‌దూత్ బైకులో స్పార్క్ ప్లగ్గు మరలు పోతే ఇంజిన్ హెడ్ మార్చాల్సిందేనా?

పర్లాకిమిడిలో నాన్నగారి రాజ్‌దూత్, ప్లగ్గు బిగుసుకోకుండా ఊరికే తిరుగుతోంది, మెకానిక్ హెడ్ (సిలిండర్ పైమూత) మార్చమంటున్నాడు అన్నారు. అక్కర్లేదండి. హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. క్రాస్‌గా ఎక్కించి బిగిస్తే పోయేది హెడ్ మరలే.

పై మరలు రెండు మూడే నలిగితే 14 మి.మీ., 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) ట్యాప్‌కి, అంటే మరలు కోసే పనిముట్టుకి, గ్రీజు దట్టంగా పూసి, చేత్తో నిదానంగా దింపండి. రాలే లోహపు పొట్టు చాలావరకు గ్రీజుకే అంటుకుంటుంది.

మొత్తం పోయాయా, హెడ్ విప్పి లేత్ షాపులో బుష్ (లోపల కొత్త మరలున్న లోహపు గొట్టం) వేయించండి. హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) దొరికితే అదీ మంచిదే. ఏదైనా లోపలివైపు అంచు బయటికి పొడుచుకు రాకూడదు; అది ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోలును అంటిస్తుంది.

ఎం-సీల్, టేపు జోలికి మాత్రం పోకండి, ఆ వేడికి ఆగవు. కొత్త ప్లగ్గుని వాషర్ ఆనేదాకా చేత్తోనే తిప్పి, తర్వాత పానాతో అర చుట్టు బిగిస్తే చాలు.