ఒకే జెట్టీలో రెండు సైట్లు, ఒక అడ్మిన్ పేజీ: ఎలా విడదీయాలి?

భీమవరం రొయ్యల ధరలకు ఒక డొమైన్, అంబాజీపేట కొబ్బరి ధరలకు ఇంకోటి. రెండూ ఒకే జావా ప్రోగ్రామ్‌లోని జెట్టీ (జావా వెబ్ సర్వర్) నుంచి రావాలి, అడ్మిన్ పేజీ మాత్రం బయటికి కనపడకూడదు. ఇదీ మీ ప్రశ్న.

మూడు సర్వర్లు అక్కర్లేదు. ఏ అడ్రస్‌లో, ఏ పోర్టులో రిక్వెస్ట్ తీసుకోవాలో కనెక్టర్ చూస్తుంది. వచ్చిన రిక్వెస్ట్‌లోని హోస్ట్ హెడర్‌ని (అడిగిన డొమైన్ పేరు ఉండే చోటు) బట్టి ఏ కాంటెక్స్ట్‌కి, అంటే సర్వర్‌లోని ఏ సైట్ భాగానికి, పంపాలో వర్చువల్ హోస్ట్ తేలుస్తుంది. కాబట్టి రెండు సైట్లకూ 8080 మీద ఒకే సర్వర్‌కనెక్టర్ చాలు. ఒక్కో కాంటెక్స్ట్‌హ్యాండ్లర్‌కి దాని డొమైన్‌ని సెట్‌వర్చువల్‌హోస్ట్స్‌తో ఇచ్చి, అన్నిటినీ కాంటెక్స్ట్‌హ్యాండ్లర్‌కలెక్షన్‌లో పెట్టండి.

అసలు జాగ్రత్త అడ్మిన్ దగ్గర కావాలి. 8081 మీద రెండో కనెక్టర్ తెరిచి, సెట్‌హోస్ట్‌లో 127.0.0.1 (అంటే ఆ కంప్యూటర్ మాత్రమే), సెట్‌నేమ్‌లో "అడ్మిన్" ఇవ్వండి. అడ్మిన్ కాంటెక్స్ట్‌కి వర్చువల్ హోస్ట్‌గా "@అడ్మిన్" అని రాయండి, అంటే ఆ పేరున్న కనెక్టర్ నుంచి వచ్చినవాటికే అది బదులిస్తుంది. చాలామంది ఈ చివరి ముక్క వదిలేస్తారు. వర్చువల్ హోస్ట్ లేని కాంటెక్స్ట్ ఏ కనెక్టర్ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌కైనా బదులిస్తుంది. అప్పుడు ఐపీ అడ్రస్ కొట్టి 8080కి వచ్చినవాళ్లకీ మీ అడ్మిన్ పేజీ తెరుచుకుంటుంది.

డొమైన్ ఇంకా కొనలేదా? టెన్షన్ వద్దు, మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో రాసుకునే ఫైల్) ఆ పేర్లను 127.0.0.1కి రాసుకుని పరీక్షించండి.