ఆల్జీబ్రా అంటే భయమని గ్రూపు మార్చుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. మిగతా సబ్జెక్టులు బాగానే చదువుతుంది, జామెట్రీ కూడా చేస్తుంది. ఆల్జీబ్రా అనేసరికి మాత్రం ఒకటే టెన్షన్. ‘ఈ ఎక్స్, వై ఎవరు పెట్టారు? రేపు నాకెందుకు పనికొస్తాయి?’ అంటుంది. కంప్యూటర్లంటే ఇష్టమే కానీ, లెక్కల భయంతో ఇంటర్లో బైపీసీ తీసుకుంటానంటోంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, గ్రూపు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలి. అది నిజంగా మంచి ప్రశ్న. క్లాసులో సిలబస్ తొందరలో దానికి జవాబు చెప్పే తీరిక ఎవరికీ దొరకదు.

ఎక్స్, వై చాలా ఆలస్యంగా వచ్చాయి. 9వ శతాబ్దం మొదట్లో, ఖలీఫా అల్ మామూన్ కాలంలో, బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు ఆల్జీబ్రా మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఇప్పటి గుర్తులేవీ లేవు, సమీకరణాలన్నీ మాటల్లోనే. తెలియని సంఖ్యను ‘వస్తువు’ అన్నాడు. ఆస్తి పంపకాలు, వ్యాపారం, భూముల కొలతలు, కాలువల తవ్వకం లాంటి వాటిలో జనానికి అవసరమయ్యే లెక్కల కోసం రాస్తున్నానని ముందుమాటలోనే చెప్పాడు. పుస్తకంలో పెద్ద భాగం వీలునామా లెక్కలే.

వాటిలో ఒకటి చూడండి. ఒకాయన పోయాడు. ఇద్దరు కొడుకులు. చేతిలో 10 దిర్హాములున్నాయి. ఒక కొడుకు తండ్రికి ఇంకో 10 బాకీ. ఆస్తిలో మూడో వంతు బయటి మనిషికి ఇమ్మని వీలునామా. ఎవరికెంత? బాకీ ఉన్న కొడుకు వాటాను అతని బాకీలోనే చెల్లు వేస్తారు. ఆ వాటా ఎంతో తెలియదు కనుక అదే ‘వస్తువు’. వాటాకు మించిన బాకీని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు, కాబట్టి పంచాల్సిన మొత్తం, పదీ ఒక వస్తువూ. బయటి మనిషికి మూడో వంతు పోతే మిగిలింది ఇద్దరు కొడుకులకు సమానం, అంటే ముగ్గురికీ తలా మూడో వంతు. కాబట్టి మూడు వస్తువులు కలిస్తే పదీ ఒక వస్తువూ అవుతుంది. రెండు వైపులా ఒక్కో వస్తువు తీసేస్తే, రెండు వస్తువులు 10. వస్తువు 5. ముగ్గురికీ తలా 5.

ఈ లెక్కను పెన్నూ కాగితం లేకుండా, అన్నం తినేటప్పుడు మాటల్లో చెప్పండి. జామెట్రీ చేసే పిల్ల కాబట్టి ఆలోచించగలదు. జవాబు వచ్చాక అప్పుడు ‘3ఎక్స్ = 10 + ఎక్స్’ అని రాయించండి. తెలియనిదానికి అక్షరం పెట్టడాన్ని 1591లో ఫ్రాన్స్‌లో వియెత్ పద్ధతిగా మార్చాడు, 1637లో దెకార్త్ ఎక్స్, వై, జెడ్‌లను వాడుకలోకి తెచ్చాడు. మాటల్లో అరపేజీ పట్టేది ఒక్క వరుసలో ఇమిడిపోయింది. అంతకు మించి ఎక్స్‌లో దాగిన మర్మం ఏమీ లేదని ఆమెకు చెప్పండి.

ఇప్పుడు భయం సంగతి. పదో తరగతిలో ఆల్జీబ్రా రానివాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఏడు, ఎనిమిది తరగతుల్లోనే పడి ఉంటుంది. ఒక చిన్న పరీక్ష పెట్టండి: -3(ఎక్స్ - 4). మీ అమ్మాయి చివర ప్లస్ 12 బదులు మైనస్ 12 అని రాస్తే, ఆమెకు రానిది ఆల్జీబ్రా కాదు, మైనస్ గుర్తులు. క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో వీటిని ధనం, ఋణం అని చెప్పి, రెండు ఋణాల లబ్ధం ధనమని సూత్రం ఇచ్చాడు. అప్పు భాషలో చెబితే మైనస్ పిల్లలకు తొందరగా ఎక్కుతుంది. నాలుగేసి రూపాయల అప్పులు మూడు మాఫీ అయితే చేతిలో ఎంత మిగిలినట్టు? పన్నెండు. మన తెలుగులో కూడా 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. ఇది పరాయి చదువేమీ కాదు.

సంక్రాంతి దాకా రోజూ అరగంట ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలే చేయించండి. ట్యూషన్ పెట్టినా అవే చెప్పమనండి. ఆమె ముందు ‘నాకూ లెక్కలు రావు’ అని మాత్రం ఎవరూ అనకండి, ఆ మాట పిల్లలు పట్టేసుకుంటారు.

ఇక గ్రూపు. బైపీసీకి వెళితే ఆల్జీబ్రా తప్పుతుందనుకోవడం పొరపాటు. నీట్‌లో 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్స్‌వే. అక్కడ కటకాల సూత్రంలో ఒక విలువను అటు నుంచి ఇటు తేలేకపోతే మార్కు పోయినట్టే. వైద్యం మీద నిజంగా ఇష్టముంటే బైపీసీ మంచి గ్రూపు, భయంతో తీసుకుంటే మాత్రం రెండేళ్లు ఇబ్బంది.

పైగా మీరే కంప్యూటర్లంటే ఇష్టమని రాశారు. కంప్యూటర్ లోపల నడిచేదే ఆల్జీబ్రా. 1854లో జార్జ్ బూల్ నిజం, అబద్ధం అనే రెండింటిని 1, 0 గా తీసుకుని లెక్కలు చేసే పద్ధతిని పుస్తకంగా వేశాడు. 1937లో క్లాడ్ షానన్ అనే విద్యార్థి ఎంఐటీలో తన థీసిస్‌లో, ఆ పద్ధతితో స్విచ్చుల సర్క్యూట్లు తయారుచేయవచ్చని చూపించాడు. ఇవాళ్టి చిప్పులన్నీ ఆ దారిలో వచ్చినవే. మీ ఫోన్లో ఫొటో అంటే అంకెల పట్టిక, దాని వెలుతురు పెంచితే ఆ అంకెలు మారతాయి. ఏఐ ప్రోగ్రాములు చేసే పనిలో ఎక్కువ భాగం అలాంటి పట్టికలను, అంటే మాత్రికలను, గుణించడమే.

ఇంటర్లో లెక్కలు లేకుండా బీటెక్ కంప్యూటర్ సైన్స్ సీటు మామూలుగా రాదు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 మార్కులకు లెక్కలవే 80. కామర్స్ వైపు మనసుంటే ఎంఈసీ ఉంది, అయితే సీఏ ఫౌండేషన్‌లోనూ సమీకరణాలు ఉంటాయి.

నా సలహా ఎంపీసీ. సంక్రాంతి తర్వాత అదే -3(ఎక్స్ - 4) లాంటివి పది ఇచ్చి చూడండి. ఎనిమిది వరకు సరిగ్గా చేస్తే ధైర్యంగా చేర్చండి. చేయలేకపోతే గ్రూపు మార్చకండి, పరీక్షలయ్యాక వచ్చే వేసవి సెలవుల్లో అదే పని కొనసాగించండి. కాలేజీ చూసేటప్పుడు ర్యాంకుల బోర్డు కన్నా, సెక్షన్‌కు ఎంతమంది, సాయంత్రం డౌట్లు చెప్పే లెక్చరర్ ఉంటారా అన్నవి అడిగి తెలుసుకోండి. వీలైతే మీ అమ్మాయిని కూడా తీసుకెళ్లి ఆమెనే అడగనివ్వండి.