రెండో వంత జనానిది

(పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈ శీర్షిక నిర్వహించేది తిరుపతిలో ఒకప్పుడు క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ నడిపిన మనిషి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా నల్లవాళ్ల పాటల్లోంచి పుట్టిన 'బ్లూస్' సంగీతం పాడి వాయించిన గిటారిస్టు బి.బి. కింగ్ గురించే.)

ప్రశ్న: సార్, మా నాయన రిటైరయ్యాక రోజూ పొద్దున కాఫీ తాగుతూ బి.బి. కింగ్ 'లైవ్ ఎట్ ది రీగల్' పెడతారు. రోజూ అదే. అందులో పాట కంటే ఆడవాళ్ల కేకలే ఎక్కువ వినిపిస్తాయి. కేకలు లేని మంచి స్టూడియో రికార్డింగ్ ఏదైనా చెబితే ఆయనకు మెల్లగా అలవాటు చేస్తాను.
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: బాబూ, మీ నాయన జోలికి పోవద్దు. నువ్వే ఇంకో నాలుగుసార్లు విను.

ఆ ఆల్బమ్‌తో నా పరిచయం ఒక తెగిపోయిన పాటతో మొదలైంది. గాంధీ రోడ్డు పక్క సందులో నా షాపు ఉండేది. జనం ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇచ్చి పోతే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. అన్నమయ్య కీర్తనలు, ఇళయరాజా, కార్తీకం వస్తే అయ్యప్ప పాటలు. ఇంగ్లీషు పాటలు అడిగేది యూనివర్సిటీ హాస్టల్ పిల్లలే. వాళ్లలో ఒకడి కోసం మద్రాసులో ఒక షాపుకు చెప్పి ఈ ఆల్బమ్ తెప్పించాను. వాళ్లు దాన్ని సిక్స్టీ క్యాసెట్‌లో ఒకవైపు ఎక్కించారు. సిక్స్టీ అంటే ఒకవైపు 30 నిమిషాలు, ఆల్బమ్ దాదాపు 35. తొమ్మిదో పాట మధ్యలో టక్కున ఆగిపోయింది, పదోది లేనే లేదు. నైంటీ క్యాసెట్ వాడుంటే సుబ్బరంగా పట్టేది. ఆ కుర్రాడు గొడవపడి డబ్బులు వెనక్కి తీసుకుపోయాడు, క్యాసెట్ నాకు మిగిలింది. పదో పాట నేను విన్నది సీడీలు వచ్చాకే.

బేరాలు లేనప్పుడు అదే పెట్టుకునేవాణ్ణి. మొదట్లో నాకూ ఆ కేకలు చిరాగ్గానే ఉండేవి. వినగా వినగా తెలిసింది, అవి ఎక్కడపడితే అక్కడ లేవు. బ్లూస్‌లో ఒక చరణం మామూలుగా 12 బార్లు, బారుకు 4 దెబ్బలు. ఒక మాట పాడతాడు, అదే మాట మళ్లీ పాడతాడు, మూడోది దానికి జవాబులా ఉంటుంది. ఒక్కో మాటకు 4 బార్లు. అందులో పాడటం సగంలోనే అయిపోతుంది, మిగతా సగంలో గిటార్ పలుకుతుంది. బుర్రకథ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కథకుడు మాట వదిలితే వంత అందుకుంటుంది. కింగ్ కథకుడైతే గిటార్ ఒక వంత. బుర్రకథకు ఇద్దరు వంతలుండాలి కదా, 1964 నవంబర్ 21 రాత్రి షికాగో రీగల్ థియేటర్లో రెండో వంత జనం.

నాలుగో పాట దగ్గర చూడు. నా గొంతును కాదు, మాటల్ని పట్టించుకోండి అని ముందే చెప్పి మొదలుపెడతాడు. కారు కొనిచ్చాను, భోజనం పెట్టించాను, నీకు ఏదీ ఆనలేదు అని తన ఆడమనిషికి లెక్క అప్పజెబుతూ వచ్చి చివరికి ఏడుగురు పిల్లల సంగతి ఎత్తుతాడు. థియేటర్ ఒక్కసారిగా లేస్తుంది. ఆ కేక లేకపోతే ఆ మాట సగమే. మీ చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం చూసే ఉంటావు. పద్యం చివర రాగం పట్టి నిలబెట్టినప్పుడు కింద కూర్చున్నవాళ్లు ఈలవేసి 'వన్స్ మోర్' అంటారు. ఆ ఈలలన్నీ తీసేసి పద్యం ఒక్కటే రికార్డు చేసి ఇస్తే నువ్వు వింటావా?

ఇది నీకు పట్టుబడ్డాక 'లైవ్ ఇన్ కుక్ కౌంటీ జైల్' విను. 1970 సెప్టెంబర్ 10న షికాగో జైల్లో ఖైదీల ముందు వాయించిన కచేరీ, 1971లో ఆల్బమ్‌గా వచ్చింది. మొదట్లో షెరీఫ్ పేరు, జడ్జి పేరు చెప్పగానే ఖైదీలు బూ అని అరుస్తారు. దాన్ని కూడా ఆల్బమ్‌లో ఉంచేశారు. ఆ తర్వాత అదే జనం ఎట్లా మెత్తబడతారో గమనించు.

స్టూడియోనే కావాలంటే 1969 నాటి 'ది థ్రిల్ ఈజ్ గాన్' ఒక్కటి చాలు. అసలు అది 1951లో రాయ్ హాకిన్స్ పాడిన పాట. కింగ్ పాటలో వెనక వయొలిన్లు చలిగాలిలా వస్తాయి. అక్కడ జనం లేని లోటు నాకు తెలియలేదు. ఇంగ్లండు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌తో కలిసి 2000లో చేసిన ఆల్బమ్ బాగా అమ్ముడుపోయింది, గ్రామీ కూడా వచ్చింది. నాకు మాత్రం నునుపు ఎక్కువైనట్టు అనిపిస్తుంది.

ప్రశ్న: అంకుల్, నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. కింగ్ గిటార్‌లో వినిపించేది గమకమేనా? ఆయన వాయించేది ఏ రాగం అనుకోవచ్చు?
– ఇంటర్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మాయ్, గమకం అన్నావు చూడు, సరిగ్గా పట్టావు. కింగ్ తల్లి వైపు బంధువు బుకా వైట్ అనే పాత బ్లూస్ గాయకుడు తీగల మీద గొట్టం జార్చి వాయించేవాడు. కింగ్‌కు ఆ విద్య పట్టుబడలేదు. ఆ జారుడు శబ్దాన్ని ఉత్త వేళ్లతో తెప్పించాలని తంటాలు పడితే వచ్చింది ఈ కంపం. వీడియోలో ఆయన ఎడమచేయి చూడు. బొటనవేలు గిటార్ మెడకు ఆనదు, చూపుడువేలు మాత్రం తీగ మీద నిలుస్తుంది, మిగతా చెయ్యంతా సీతాకోకచిలుకలా ఆడుతుంది.

రాగం మాటకొస్తే జాగ్రత్త. బ్లూస్‌లో వాడే ఒక అయిదు స్వరాల వరస మన శుద్ధ ధన్యాసి స్వరాలే, ఇంకొకటి మోహన స్వరాలు. కింగ్ రెండిటినీ కలిపేస్తాడు. స్వరాలు కలిశాయి కదా అని శుద్ధ ధన్యాసి అంటే మీ గురువుగారు ఫిడేలు కమానుతో కొడతారు, కొట్టాల్సిందే కూడా. అసలు రుచి గాంధారంలో ఉంది. వెనక పియానో అంతర గాంధారం (పై గాంధారం) ఉన్న కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, వాయిస్తుంటే ఆయన దాని మీద సాధారణ గాంధారం (కింది గాంధారం) పట్టుకుని తీగను కొంచెం లాగుతాడు. అటు అంతరమూ కాదు, ఇటు సాధారణమూ కాదు. మన చెవికి అపస్వరం అనిపించాలి, కానీ ప్రాణం లాగేస్తుంది. ఇంట్లో శ్రుతిపెట్టె వేసుకుని ఆ రెండిటి మధ్య చోటును వయొలిన్ మీద వెతుకు. దొరికిందాకా మీ అమ్మ తిడుతుంది.

ప్రశ్న: కింగ్‌కు కార్డులు వాయించడం రాదని, పాడుతూ గిటార్ వాయించలేడని మా ఫ్రెండ్ ఎగతాళి చేస్తున్నాడు. అభిమానిగా నాకు టెన్షన్‌గా ఉంది, వాడికి ఏం చెప్పాలి?
– మెకానిక్, పుత్తూరు

జవాబు: నిజమే అని చెప్పు. కార్డుల్లో తాను బాగా వెనకబడ్డానని ఆయనే ఒప్పుకున్నాడు. పాడేటప్పుడు గిటార్ ఆపుతాడు, గిటార్ పలికేటప్పుడు నోరు మూస్తాడు. వంత పాడుతుంటే కథకుడు అడ్డం రాకూడదు కదా తమ్ముడూ.

ఆ లోపమే ఒకసారి ఆయన్ను కాపాడింది. 1985లో ఇల్లినాయిలోని షాంపేన్‌లో రైతుల సహాయం కోసం ఫార్మ్ ఎయిడ్ కచేరీ జరిగింది. పాట మధ్యలో తీగ తెగింది. ఆయన పాడటం ఆపలేదు. పాడుతూనే పాత తీగ తీసి, కొత్తది ఎక్కించి, శ్రుతి చేసుకుని, తన వంతు వచ్చేసరికి వాయించేశాడు. ఆ వీడియో మీ ఫ్రెండ్‌కు చూపించు. ఇట్లాంటి ధైర్యం ఊరికే రాదు. 1956 ఒక్క ఏడాదిలో ఆయన 342 కచేరీలు చేశాడు. మన సురభి నాటకాలవాళ్లు వింటే మెచ్చుకునే లెక్క అది.

ప్రశ్న: ఆయన గిటార్ పేరు లూసిల్ కదా, భార్య పేరా?
– గృహిణి, పలమనేరు

జవాబు: కాదమ్మా, ఆమె ఎవరో ఆయనకు తెలియనే తెలియదు. 1949 చలికాలంలో ఆర్కాన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో వాయిస్తున్నాడు. హాలు వెచ్చగా ఉండాలని పీపాలో కిరోసిన్ పోసి మంట పెట్టారు. ఇద్దరు మగాళ్లు కొట్టుకుని పీపా మీద పడ్డారు, హాలు అంటుకుంది. బయటికి పరుగెత్తిన కింగ్ గిటార్ కోసం మళ్లీ మంటల్లోకి వెళ్లాడు. వాళ్లిద్దరూ కొట్టుకున్నది అక్కడ పనిచేసే లూసిల్ అనే అమ్మాయి కోసమని మర్నాడు తెలిసింది. మళ్లీ ఇట్లాంటి బుద్ధిలేని పని చేయకూడదని గిటార్‌కు ఆ పేరు పెట్టుకున్నాడు. తర్వాత కొన్న గిటార్లన్నీ లూసిల్లే.

ప్రశ్న: కింగ్ 2015లో పోయారు. అట్లాంటి కచేరీ మన దేశంలో ఎక్కడైనా చూడొచ్చా అన్నా?
– ఆటోడ్రైవర్, శ్రీకాళహస్తి

జవాబు: ముంబైలో మెహబూబ్ స్టూడియోలో 2011లో బ్లూస్ ఉత్సవం మొదలైంది. మొదటి ఏడాదే షికాగో బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై వచ్చాడు. వాయిస్తూ వేదిక దిగి జనంలో నడవడం ఆయనకు అలవాటు. నేను మూడు గంటలు నిలబడి చూశాను, మోకాళ్లు పట్టేశాయి. మనవాళ్లలో షిల్లాంగ్ బృందం సోల్‌మేట్‌ను తప్పక విను, ఆ పాడే అమ్మాయి గొంతు గట్టిది. ఉత్సవం ఫిబ్రవరిలో జరుగుతూ వచ్చింది. పోవాలనుకుంటే ఆ ఏడాది ఉందో లేదో ముందు కనుక్కుని, రేణిగుంటలో ముంబై రైలుకు తొందరగా రిజర్వేషన్ చేయించుకో. తత్కాల్ నమ్ముకుంటే దొరకదు.