ప్రొబేట్ లాయర్ ఒక్కరే సరిపోరు, ముందు ఎస్టేట్ ట్యాక్స్ సంగతి చూడండి

నమస్తే అండీ. నాన్నగారి విషయం చదివి చాలా బాధనిపించింది. ఆయన ఇండియాలోనే ఉండేవారని, గ్రీన్ కార్డు లేదని, అమెరికా బ్రోకరేజ్ అకౌంట్లో దాదాపు 2 లక్షల డాలర్ల షేర్లు ఉండిపోయాయని రాశారు. ప్రొబేట్ లాయర్ని, అంటే వీలునామా, వారసత్వం కోర్టు పనులు చూసే లాయర్ని, పెట్టుకుంటే చాలా అని అడిగారు. చాలదు.

ఎస్టేట్ ట్యాక్స్ అంటే చనిపోయినవారి ఆస్తి మీద అమెరికా వేసే పన్ను. అందులో అమెరికా పౌరులకు ఉండే కోటి డాలర్లకు పైగా మినహాయింపు నాన్నగారిలా ఇండియాలో ఉండేవారికి రాదు. అమెరికన్ కంపెనీల షేర్లలాంటి అక్కడి ఆస్తి 60,000 డాలర్లు దాటితే, చనిపోయిన రోజు నుంచి 9 నెలల్లోగా ఆ పన్ను రిటర్న్, అంటే ఫారం 706-ఎన్ఏ వేయాలి. గడువులోగా పొడిగింపు అడిగే ఫారం 4768 వేస్తే రిటర్న్‌కు 6 నెలలు పెరుగుతాయి, పన్ను కట్టడానికి మాత్రం వాటంతట అవే పెరగవు. బ్రోకర్లు సాధారణంగా అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, అంటే ఫారం 5173 చూపిస్తేనే షేర్లు వదులుతారు.

మా బాబాయి పోయినప్పుడు మేం పెట్టుకున్న లాయర్ వీలునామా కాగితాలన్నీ చక్కగా చేశారు, ఈ 706-ఎన్ఏ ఊసే ఎత్తలేదు. ఎనిమిదో నెలలో బ్రోకర్ ఉత్తరం వచ్చాక మా పిన్ని పడిన టెన్షన్ నాకింకా గుర్తే.

అందుకే లాయర్ని మొదట ఇదే అడగండి: "706-ఎన్ఏ ఇప్పటిదాకా ఎన్ని వేశారు?" జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే వేరొకరిని చూసుకోండి. ఫీజు ఆస్తిలో శాతంగా కాకుండా గంటలెక్కనో, మొత్తానికి ఇంతనో రాతపూర్వకంగా తీసుకోండి. నాన్నగారు పోయిన రోజున ఒక్కో షేరు ధర ఎంతుందో ఆ స్టేట్‌మెంట్ ఈ వారమే తెప్పించుకోండి, లెక్కంతా దాని మీదే.