అమ్మాయి ఎప్పుడు పెరిగిందో గుర్తులేదు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మూడు నెలల క్రితం మా అమ్మాయి చదువు కోసం దూరం వెళ్లింది. తన గది సర్దుతుంటే ద్వారబంధం మీద పెన్సిల్ గీతలు కనిపించాయి. ఏటా పుట్టినరోజున ఎత్తు కొలిచి పెట్టిన గుర్తులవి. మొదటి నాలుగైదు గీతల పక్కన తేదీలు నా చేతిరాతలో ఉన్నాయి. తర్వాతవన్నీ మా ఆవిడ రాసినవే. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టట్లేదు. ఇకనైనా ఒక్క నిమిషం వృథా కాకూడదని తెల్లవారుజామున 4 గంటల నుంచి టైంటేబుల్ వేసుకున్నాను. అది కాస్త తప్పితే టెన్షన్, ఇంట్లోవాళ్ల మీద చిరాకు. మా అమ్మకి 78 ఏళ్లు, చెప్పిందే చెబుతుంది. కూర్చుని వినలేకపోతున్నాను. ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాను కానీ ప్రార్థన పెదవుల దగ్గరే ఆగిపోతోంది. దేవుడిచ్చిన కాలమంతా పాడుచేసుకున్నానా?

జవాబు: సోదరా, ఆ గీతల గురించి మీరు రాసింది రెండు మూడుసార్లు చదివాను. అందరికీ ఇంతేలే, మర్చిపోండి అని నేను అనను. మీ పాపతో గడపాల్సిన కొన్ని రోజులు నిజంగానే చేజారాయి, ఆ బాధ ఉండాల్సిందే. అలాగని కాలమంతా పాడైపోయిందనడం మాత్రం అన్యాయం. ఇవాళ ఆ అమ్మాయి ధైర్యంగా దూరం వెళ్లి చదువుకుంటోందంటే దాని వెనక మీ కష్టమూ ఉంది.

ఏళ్లు ఎటు పోయాయో తెలియకపోవడానికి మనసు పనిచేసే తీరు కూడా కొంత కారణం. వెనక్కి చూసుకున్నప్పుడు ఎన్ని వేర్వేరు జ్ఞాపకాలు దొరికితే ఆ కాలం అంత పొడుగ్గా తోస్తుంది. చిన్నప్పుడు అన్నీ కొత్తే. నడివయసులో నిన్నటిలాగే ఇవాళ, ఇవాళ్టిలాగే రేపు. నెలంతా కలిసి ఒక్కరోజులా గుర్తుండిపోతుంది. పైగా ఐదేళ్ల పిల్లకి ఏడాదంటే తన జీవితంలో ఐదో వంతు, మీకు 52వ వంతు. ఇది 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి తత్వవేత్త పాల్ జానే గమనించిన సంగతి. కాబట్టి దీన్ని మీ ఒక్కరికీ పడిన శిక్ష అనుకోకండి.

ఆ టైంటేబుల్ మాత్రం పక్కన పెట్టేయండి. నాలుగింటికే లేచి, ఎనిమిదింటికి అమ్మ మీద విసుక్కుంటే ఆ నాలుగు గంటలు ఎవరికి మిగిలినట్టు? నిమిషాల్ని పట్టుకోబోయి మనుషుల్ని వదిలేస్తున్నారు. భయంతో చేసే పొదుపు ఇది.

మీరు చర్చికి వెళ్తారు కాబట్టి బైబిల్లోని 90వ కీర్తన మీకు తెలిసే ఉంటుంది. మోషే చేసిన ప్రార్థన అది. మనిషి ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై ఏళ్లని చెప్పి, "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని అడుగుతాడు. డెబ్బై ఏళ్లంటే 25,500 రోజుల పైచిలుకు. అందులో మీకు దాదాపు 19,000 అయిపోయాయి. ఈ తీసివేత ఫోన్‌లో ఎవరైనా చేస్తారు, దానికి దేవుడు నేర్పక్కర్లేదు. మరి మోషే అడిగిన లెక్క ఏమిటి? కింది వచనాలు చూడండి. ఉదయాన్నే నీ కృపతో మమ్మల్ని తృప్తిపరచు అంటాడు. పొద్దున మొలిచి సాయంత్రానికి వాడిపోయే గడ్డితో మనిషిని పోల్చినవాడే, చివరికొచ్చేసరికి మా చేతిపనిని స్థిరపరచమని వేడుకుంటాడు. నాకు ఈ చివరి మాట చాలా ఇష్టం. ఇంత చిన్న బతుకులో కూడా చేసిన పని నిలబడుతుందన్న నమ్మకం లేకపోతే అలా అడగలేడు.

ఇవాళ మీ చేతిపని పక్క గదిలోనే ఉంది. అమ్మ చెప్పిందే చెబుతోందన్నారు. ఆవిడ మళ్లీ మొదలుపెట్టినప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోండి. ఫోన్ వేరే గదిలో వదిలేయండి. ఆవిడ మాటల్లో మీకు తెలియని మనిషి పేరు వస్తే అతనెవరమ్మా అని అడగండి. పావుగంట చాలు. వినీ వినీ అలసిపోతే లేచి వెళ్లినా తప్పులేదు, విసుగు చూపించకుండా లేవండి, అంతే.

పొద్దున ఫోన్ చూడకముందు ఒకే ఒక్క మాట ప్రార్థించండి: ప్రభువా, ఈరోజు నేను ఎవరి దగ్గర ఆగాలి? రాత్రి పడుకునే ముందు ఒక నోట్‌బుక్‌లో ఆరోజు చూసింది ఒక్క వాక్యం రాయండి. అమ్మ నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటుందనో, మీ ఆవిడ ఏదో పాట కూనిరాగం తీసిందనో. దేవుడికి థాంక్స్ చెప్పడానికి అప్పుడు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మీ ఆవిడకి క్షమాపణ చెప్పండి. తర్వాత ఆ ద్వారబంధం దగ్గర ఇద్దరూ కూర్చుని, ఆవిడ రాసిన ఒక్కో తేదీ వెనక ఏం జరిగిందో చెప్పించుకోండి. మీరు చూడని ఏళ్లన్నీ ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి. అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు సలహాలివ్వకండి. నాన్నతో నీకు బాగా గుర్తున్నదేంటమ్మా అని అడగండి. మీరు మర్చిపోయినదేదో తన నోట వినొచ్చు.

ఒక మాట. నిద్రలేమి మూడు నెలలుగా ఉందంటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. బతకడం దండగ అనిపిస్తే ఆ రోజే వెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

నెల తర్వాత ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని మళ్లీ రాయండి. అమ్మ చెప్పిన కథల్లో ఒకటి నాకూ చెప్పండి.